ఇల్లొక ఒడ్డు, స్థలమొక ఒడ్డు

గార్నెట్ దీవి, న్యూ బ్రన్స్‌విక్, కెనడా
1956 మే 6

వెర్నా అక్కకి,

నీ తమ్ముడు హేజెన్ బాగానే ఉన్నాడు, కాకపోతే ఎగ్జిక్యూటర్ అయ్యాడు. థర్లో పెదనాన్న తన వీలునామాలో నా పేరు రాసి పోయాడు. ఆయన ఆస్తిలో ఏది ఎవరికి చెందాలో వాళ్ళకి అప్పగించడం ఇక నా పని. పొగమంచు పట్టినప్పుడల్లా దీపస్తంభం దగ్గర బూర ఊదడం తప్ప జీవితంలో మరో విద్య నేర్వనివాడికి ఇంత పెద్దరికం ఎందుకు కట్టబెట్టాడో ఆయనకే తెలియాలి. మన వంశంలో పడవెక్కితే కక్కుకునేవాణ్ణి నేనొక్కణ్ణే కదా, వీడైతే ఎక్కడికీ పారిపోలేడని లెక్కేసి ఉంటాడు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. మా ఫోను లైను ఒక్కదాని మీదే ఎనిమిది ఇళ్ళున్నాయి. నేను నీ పేరు చెప్పేలోగా ఎనిమిది చోట్ల ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపిస్తుంది. రేవు పడవ నడిపే లోర్న్ చేత పంపితే ఉత్తరం అరగంటలో చేరుతుంది గాని, దీవిలో అందరూ చదివాకే బయల్దేరుతుంది. అందుకని పోస్టు. నా వంటింటి కిటికీలోంచి మీ స్పర్లింగ్ చర్చి శిఖరం కనిపిస్తూనే ఉంటుంది. మన మధ్య ఉన్నది మైలు నీళ్ళు. ఈ కవరు మాత్రం సెయింట్ జాన్ పోయి, మాంట్రియల్ చూసుకుని, బోస్టన్‌లో బడలిక తీర్చుకుని, రెండు వారాలకి నీ గడప తొక్కుతుంది.

మొదటి అడుగే తప్పటడుగు. పెదనాన్న మీ వైపు ఆస్పత్రిలో, నీ ఎదురుగా పోయాడు కదా. నువ్వు కబురు చెప్పేసరికి నా గడియారంలో తేదీ మారింది. దీవి గడియారం మీకంటే గంట ముందు నడుస్తుందని పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తెలుసు. తెలిసీ ఇక్కడి తేదీ రాసిచ్చాను. మీ డాక్టరు ముందురోజు తేదీ వేశాడు. లాయరు ప్రింగిల్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "హేజెన్, మీ పెదనాన్న ఎన్నిసార్లు పోయాడయ్యా?" అన్నాడు. "ఒక్కసారే సార్, కాకపోతే రెండు దేశాల్లో" అన్నాను. ఆయన నవ్వలేదు.

వీలునామా చిన్నదే. ఈ దీవి మీద, మా ఇంటి పక్కనున్న ఆయన ఇల్లు "వెర్నా ఉండటానికి" అని నీకు రాశాడు. మీ స్పర్లింగ్‌లో నీళ్ళ ఒడ్డునున్న స్థలం నాకు. ఆ ఒడ్డున ఉన్నదానికి ఈ ఒడ్డు ఇల్లు, ఈ ఒడ్డున ఉన్నవాడికి ఆ ఒడ్డు స్థలం. బతికుండగా కూడా ఆయన ఎవరి కప్పు వాళ్ళ ముందు పెట్టినవాడు కాదు. నేల ఏ దేశంలో ఉంటే అక్కడి కోర్టు మాటే చెల్లుతుందట. కాబట్టి ఇక్కడ అయిన తతంగమంతా మీ మెయిన్ రాష్ట్రం కోర్టులో మళ్ళీ చెయ్యాలి. అక్కడ నా తరఫున నిలబడటానికి ఆ రాష్ట్రంలోనే ఉండే మనిషి కావాలన్నారు. నీ పేరిచ్చాను, తిట్టకు.

పచ్చ తలుపుకి కొత్త రంగు వేశాను. పొయ్యి గొట్టం దులిపాను. అటు పక్క గదిలో పడుకుంటే మా వంటిల్లు కనిపిస్తుంది, కాఫీ కాగగానే ఓ కేకేస్తాను. ఎప్పుడొస్తావో రాయి.

నీ ఎగ్జిక్యూటర్ తమ్ముడు,
హేజెన్


స్పర్లింగ్, మెయిన్, అమెరికా
మే 24

ఒరేయ్ హేజెన్,

నీ ఉత్తరం చేరింది. నాకంటే అదే ఎక్కువ ఊళ్ళు చూసింది.

సమాధికి రాలేదని నీ మనసులో ఉందేమో. ఆ రోజు నేను రేవు దాకా వచ్చాను. ఆటు సమయం, నీళ్ళు బాగా తీసిపోయి ఉన్నాయి. పడవ అడుగున ఎక్కడో ఉంది, నిచ్చెన బావిలోకి దిగినట్టు దిగింది. తుంటి విరిగి అతుక్కున్నదాన్ని, రెండు మెట్లు దిగి మళ్ళీ ఎక్కేశాను. పెట్టెలో ఉన్న పెదనాన్నని తాళ్ళతో దింపారు. నన్నూ అలాగే దింపుతామన్నారు. ఆ వరస ఇంకా రాలేదన్నాను.

నా సంగతి వినవలసింది ఉంది. ఈ రొట్టెల దుకాణం పైగదులు మంచు పడేలోగా ఖాళీ చెయ్యమన్నారు. దుకాణదారు కొడుక్కి పెళ్ళి, కోడలు పైన ఉంటుందట. మా ఆయన ఆర్రిన్ పోయినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను. తెల్లవారకముందే కింద రొట్టె కాలే వాసనకి లేవడం అలవాటైపోయింది. ఈ వయసులో మూటాముల్లే పట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. రాత్రిళ్ళు భయంగా ఉంటోంది. నీకు కాక ఎవరికి చెప్పుకోను.

అందుకని, ఆ ఇల్లు అమ్మిపెట్టు. వచ్చినదానితో ఇక్కడే, చర్చి వీధిలో, మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకుంటాను. దీవికి డాక్టరు పదిహేను రోజులకోసారి వస్తాడు, అదీ గాలి బాగుంటే. నేను జబ్బుపడితే గాలి చూసుకుని పడాలి. ఆర్రిన్ సమాధి ఇక్కడుంది, పాటల బృందం ఇక్కడుంది. తలుపుకి రంగు వేసి మంచిపని చేశావు. రంగు చూసి ఎవరైనా కొంటారు.

వెర్నా


గార్నెట్ దీవి
జూన్ 10

అక్కా,

రంగు కొనేవాళ్ళ కోసం వెయ్యలేదు. సరే, అది పోనీ.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాట్లాడనంత మాత్రాన దీవి మీద ఎవరికీ తేడా తెలియదనుకో. పక్కింట్లో నువ్వుంటావని కుర్చీ బాగుచేశాను, టీ కెటిల్‌కి మాటు వేయించాను, నీతో పోట్లాడటానికి విషయాలు కూడా పోగేసుకున్నాను. ముసలి వెధవకి ఇంత ఆశ ఎందుకు అని నన్ను నేనే తిట్టుకుని మళ్ళీ ప్రింగిల్ దగ్గరికి పోయాను. ఇల్లు అమ్మాలన్నాను.

అమ్మడానికి వీల్లేదట. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. ఆ రెండూ కలిపి చేసినవాడు మన పెదనాన్న. నీకు తెలిసిన కథే. కానీ అది నాచేత లాయరుకి చెప్పిస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. "ఇల్లు మొదట స్పర్లింగ్‌లో కట్టాడు సార్. ఐడా పెద్దమ్మ మా దీవి పిల్ల. పెళ్ళికి ఒప్పుకుంది గాని నీళ్ళు దాటి కాపురానికి రానంది. ఇల్లు కట్టేశానే అన్నాడాయన. అయితే ఇల్లే పట్టుకురా అందావిడ. పట్టుకొచ్చాడు. పంటు మీదకెక్కించి, పోటు చూసుకుని లాగించాడు."

"కస్టమ్స్ వాళ్ళకి చెప్పారా?"

"ఇల్లంత ఇల్లు నీళ్ళ మీద వస్తుంటే చెప్పేదేముంది సార్. అందరూ చూశారు."

"సుంకం కట్టారా?"

"అందరూ చూశారు సార్."

ఆయన కలానికి మూత పెట్టేశాడు. ఇక్కడ ఇల్లు నిలబడిన నేల ఐడా పెద్దమ్మ పుట్టింటివాళ్ళది. కాగితమేమీ లేదు, అల్లుడని నోటిమాటగా ఇచ్చారు. ఇప్పుడు వాళ్ళ మెర్ల్ ఫెంటన్ వచ్చి, చేపలకి పొగబెట్టే షెడ్డు వేసుకుంటాను, చలికాలంలోగా నేల ఖాళీ చెయ్యమంటున్నాడు. తప్పు పట్టను, నేల వాడిది. నేల లేని ఇల్లు ఎవడు కొంటాడు. ఆ ఒడ్డున ఇల్లు లేని స్థలం, ఈ ఒడ్డున స్థలం లేని ఇల్లు, మధ్యలో రెంటికీ చెడ్డ రేవడిలా నేను.

ఇంకోటి. పెదనాన్న ఇల్లు లాక్కొచ్చేసినా స్పర్లింగ్‌లో ఇంటిపన్ను ఏటేటా కడుతూనే వచ్చాడు. ఇల్లు లేదంటే ఎక్కడికి పోయిందని అడుగుతారని భయం. మీ మెయిన్ కోర్టు ఆస్తి పట్టిక అడిగింది. నేనెందుకు గొడవని పన్ను రశీదులో ఉన్నట్టే రాశాను: స్పర్లింగ్ ఒడ్డున స్థలం, అందులో రెండంతస్తుల చెక్క ఇల్లు, పచ్చ తలుపు, మంచి స్థితిలో ఉన్నది. బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం కూడా చేశాను. రాసినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. స్థలం ఉంది, ఇల్లూ ఉంది. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

హేజెన్, రేవడి


స్పర్లింగ్
జూన్ 28

హేజెన్,

మురిసిపోవడం అయిందా? అయితే విను.

మంగళవారం కోర్టు తరఫున విలువ కట్టేవాళ్ళు ఇద్దరు వచ్చారు. టోపీలు, కొలత టేపు, చేతిలో నీ పట్టిక. ఎగ్జిక్యూటర్ తరఫు మనిషిని నేనే కదా, చేతికర్ర వేసుకుని ఒడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడ పునాది రాళ్ళు, మోకాలెత్తు గడ్డి, వేరేవాళ్ళ మేక ఒకటి ఉన్నాయి.

పెద్దాయన గడ్డి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "ఇల్లేదమ్మా?" అన్నాడు.

నేను కర్రెత్తి నీళ్ళ మీదుగా చూపించాను. "అదుగో. పచ్చ తలుపు. ఇవాళ మంచు లేదు, బాగానే కనిపిస్తుంది."

"అది కెనడా అమ్మా."

"నేల కెనడాదే. ఇల్లు మాత్రం ఇక్కడిదే. కాస్త అటు వెళ్ళింది."

"ఎప్పుడు వెళ్ళింది?"

"నేను చిన్నదాన్ని."

చిన్నాయన పట్టిక తిరగేసి, "మంచి స్థితిలో ఉన్నది అని రాశారు" అన్నాడు. "ఉంది. మొన్ననే రంగు వేశారు" అన్నాను. అబద్ధమాడలేదు, నవ్వలేదు. ఇంటికొచ్చాక ఏడ్చాను. అరవై దాటిన మనిషిని, ఊరి నడిమధ్యన మేక ముందు నిలబెట్టి పరువు తీశావు.

జడ్జి అక్టోబరు దాకా గడువిచ్చాడు. ఆలోగా పట్టిక నిజమని చూపించాలి, లేదా అబద్ధమని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఇల్లు ఎలా దాటిందన్న ప్రశ్న వస్తుంది. అది తేలేదాకా స్థలం నీకు రాదు, ఇల్లు నాకు రాదు. నాకున్నది ఈ శరదృతువొక్కటి. మంచు పడ్డాక నా సామాను వీధిలో ఉంటుంది.

తమ్ముడివని పేరు పెట్టుకున్నందుకు ఓ పని చెయ్యి. ఆ ఇల్లు తెచ్చి ఇక్కడ గడ్డిలో పెట్టు. నీ ప్రమాణం నిజమైపోతుంది, జడ్జికి నిద్ర పడుతుంది, మేక కూడా ఇంకో చోటు చూసుకుంటుంది.

వెర్నా


గార్నెట్ దీవి
జూలై 15

అక్కా,

నీ సలహా దివ్యంగా ఉంది. నాకెందుకు తట్టలేదా అని నెత్తి కొట్టుకున్నాను. కొట్టుకుంటే బోలు చప్పుడు వచ్చింది, కారణం అర్థమైంది.

ప్రింగిల్‌ని అడిగాను. ఆయన రెండు లావు పుస్తకాలు తిరగేశాడు. తర్వాత, "హేజెన్, రెండు దేశాల చట్టాలు కుదరనప్పుడు ఆస్తిని అటూ ఇటూ జరిపే పద్ధతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చెయ్యొద్దని కూడా చదవలేదు" అన్నాడు. ఆ మాట చాలు.

లోర్న్ వాళ్ళ నాన్న పెదనాన్న ఇల్లు లాగిన పంటు నడిపినవాడే. లోర్న్ ఇల్లంతా తట్టి చూసి, దూలాలు గట్టిగా ఉన్నాయి, కదలడానికి అభ్యంతరం లేదు, ఒకసారి దారి చూసిన ఇల్లే కదా అన్నాడు. సెప్టెంబరులో అమావాస్య దాటగానే పెద్ద పోటు వస్తుంది, అప్పుడే అంటున్నాడు. హెర్రింగ్ చేపలు పట్టే కంచెల దగ్గర పనిచేసేవాళ్ళంతా చెయ్యి వేస్తామన్నారు. వాళ్ళకి శనివారం బీన్సు, నల్ల రొట్టె నేను వండిపెట్టాలట. నా వంట తిని కూడా వస్తామంటున్నారంటే ఎంత అభిమానమో చూడు. ఎగ్జిక్యూటర్ ఆస్తి వెంట ఉండాలన్నారు కాబట్టి నేనూ ఇంట్లో కూర్చునే వస్తాను. బకెట్టు ఒకటి సిద్ధం చేసుకున్నాను.

స్థలం కూడా నీ పేరనే రాసేశాను. గడ్డిని నేనేం చేసుకోను, మేకనా పెంచను? ప్రింగిల్ కాగితం పంపుతాడు, సంతకం పెట్టు.

కప్పులు అలమారలోనే ఉంచి గడ్డి కుక్కుతున్నాను. ఐడా పెద్దమ్మ నీలం పళ్ళెం ఒక్కటి నా దగ్గర ఉంచుకోనా? అక్కర్లేదంటే పంపేస్తాను.

ఇట్లు, ఇళ్ళు మోయు కూలీ,
హేజెన్


స్పర్లింగ్
ఆగస్టు 24

ఒరేయ్ తమ్ముడూ,

నీ వేళాకోళం ఉత్తరం చదివి నవ్వుకున్నాను. దుకాణదారు భార్యకి కూడా చదివి వినిపించాను, బకెట్టు దగ్గర ఆవిడ కుర్చీలోంచి జారింది. నాకు ఒళ్ళు మండి రాసిన మాట పట్టుకుని ఇంత కథ అల్లావు. నీతో ఇదే చిక్కు. నీ మీద నువ్వే ఇన్ని జోకులేసుకుంటావు, మధ్యలో నిజం ఏదైనా చెప్పినా ఎవరికీ తెలియదు. ప్రింగిల్ కాగితం ఏదో వచ్చింది, చదవకుండానే సంతకం పెట్టి పంపాను. నీలం పళ్ళెం ఉంచుకో.

నవ్విన తర్వాత మాత్రం మనసు ఊరుకోలేదు. జూన్‌లో నువ్వు రాసింది తీసి మళ్ళీ చదివాను. కుర్చీ బాగుచేశావు. కెటిల్‌కి మాటు వేయించావు. నీతో పోట్లాడటానికి విషయాలు పోగేశావు. మొదటిసారి చదివినప్పుడు నా గదుల బాధలో ఉండి నీ బాధ పట్టించుకోలేదు. చిన్నప్పుడు నీకు జ్వరం వచ్చినా ఏదో పాట పాడుతూ తిరిగేవాడివి, పడిపోయాక గాని అమ్మకి తెలిసేది కాదు. ఇప్పుడూ అదే చేస్తున్నావు.

అందుకని నేనే వస్తాను. దీవికి వచ్చి, ఆ ఇంట్లో, నీ పక్కనే ఉంటాను. మెర్ల్ ఫెంటన్‌తో నేను మాట్లాడతాను, వాళ్ళమ్మకి నేను కుట్టిన దుప్పటి ఇంకా వాడుతున్నారు, షెడ్డు పక్కకి జరుపుకుంటాడు. డాక్టరు సంగతి దేవుడు చూసుకుంటాడు. నిచ్చెన దగ్గర తాళ్ళతో దింపుతారా, దింపనీ. ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కే పని లేదు కదా. జడ్జికి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం, పెదనాన్నని ఇప్పుడు జైల్లో పెట్టలేరు.

స్టౌ అమ్మేశాను. మంచం కూడా పాటల బృందంలో ఒకావిడ తీసుకెళ్తోంది. సెప్టెంబరు చివర బయల్దేరతాను. నువ్వు కాఫీ కాచి కేకెయ్యి.

మీ అక్క,
వెర్నా


గార్నెట్ దీవి
సెప్టెంబరు 8

అక్కా,

మొన్న మీ స్పర్లింగ్ ఒడ్డు మీద నువ్వు నన్నడిగింది ఒక్కటే మాట: "నా ఉత్తరం అందిందా?" నేను తలూపాను. ప్రింగిల్ కాగితం మీద సంతకం పెట్టి పంపావు చూడు, ఆ కవరు అనుకున్నాను. నోరు తెరిస్తే మాట కాక ఇంకేదో వచ్చే పరిస్థితి. పోటు తిరిగిపోతోంది, ఇప్పుడే కదలకపోతే రేపటి దాకా ఇక్కడే అని లోర్న్ కేకలేస్తున్నాడు. వచ్చేశాను. ఇక్కడ పోస్టాఫీసులో నీ ఉత్తరం నాకోసం కూర్చుని ఉంది.

ఇప్పుడు నా వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. పక్కన ఇల్లు లేదు. నాలుగు వరసల రాళ్ళు, వాటి మధ్య తేమ నేల, ఎన్నేళ్ళ నాటిదో ఒక పిల్లి ఎముకల గూడు. ఆ ఇల్లు ఇన్నాళ్ళూ ఆపిన గాలంతా ఇప్పుడు నా కిటికీని కొడుతోంది. నువ్వు వస్తానన్నావు. ఆ ముక్క మీద వేలు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నేను ఏడ్చాను అక్కా. ఇందులో జోకేమీ లేదు, వెతక్కు.

ప్రయాణం సంగతి నువ్వు ఒడ్డునుంచి చూశావు, లోపల సంగతి చెబుతాను. వంటింట్లో కుర్చీకి తాడుతో కట్టేసుకుని కూర్చున్నాను. కిటికీలోంచి మన దీవి మెల్లగా వెనక్కి పోతోంది, దీపస్తంభం దగ్గర ఎవరో చెయ్యి ఊపుతున్నారు, అలమారలో కప్పులు గలగలమంటున్నాయి. బకెట్టు చాలలేదు. ఐడా పెద్దమ్మ పిండి డబ్బా వాడాను, కడిగి పెట్టాను, చెప్పకపోతే పాపం.

మధ్యలో మీ కస్టమ్స్ పడవ వచ్చింది. ఆఫీసరు కిటికీ దగ్గరికొచ్చి, "ఏంటయ్యా ఇది?" అన్నాడు.

"ఇల్లు సార్."

"ఎక్కడ తయారైంది?"

"స్పర్లింగ్‌లో."

"మరి ఎక్కణ్ణుంచి వస్తోంది?"

నేను సంచీలోంచి పన్ను రశీదులన్నీ తీసి కిటికీలోంచి అందించాను. ఆయన ఒక్కొక్కటే చూశాడు. కాగితాల ప్రకారం ఈ ఇల్లు స్పర్లింగ్ వదిలి ఒక్కరోజు కూడా బయటికి పోలేదు. అసలు కదలని దానికి సుంకమేమిటి? ఆయన టోపీ తీసి తల గోక్కుని, "లోపల ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు. "ఎగ్జిక్యూటర్ ఒకడున్నాడు సార్, వాణ్ణి వెనక్కి తీసుకుపోతాం" అని లోర్న్ అరిచాడు. పొమ్మన్నాడు.

ఇప్పుడేం చెయ్యాలో నాకు తెలియడం లేదు. నువ్వు ఈ దీవికి సిద్ధమయ్యావు, నేను నీకోసం ఇల్లు అక్కడికి తోలాను. మళ్ళీ లాక్కురమ్మంటే లోర్న్ నన్ను లంగరు బదులు వాడతాడు. స్టౌ అమ్మేశానన్నావు, పెదనాన్న స్టౌ ఇంట్లోనే ఉంది, గొట్టం దులిపే ఉంచాను. వెచ్చగా ఉండు.

హేజెన్


స్పర్లింగ్
సెప్టెంబరు 23

ఒరేయ్ హేజెన్,

మా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఈ మాట రాసి కాసేపు దాన్నే చూశాను.

ముందు కోర్టు సంగతి. ఆ ఇద్దరూ మళ్ళీ వచ్చారు. పెద్దాయన ఇంటి చుట్టూ తిరిగి, గోడ తట్టి, పునాది వైపు వంగి చూశాడు. చిన్నాయన పట్టిక చదివాడు: రెండంతస్తులు, చెక్క, పచ్చ తలుపు, మంచి స్థితి. "అన్నీ సరిపోయాయి" అన్నాడు. పెద్దాయన నా వైపు తిరిగి, "అమ్మా, మొన్న వచ్చినప్పుడు మేమే సరిగ్గా చూసినట్టు లేదు" అన్నాడు. "ఆ రోజు గడ్డి ఎత్తుగా ఉంది" అన్నాను. కాఫీ తాగి వెళ్ళారు. జడ్జి నీ పట్టిక ఒప్పుకున్నాడు. నువ్వు చేసింది నిజమైన ప్రమాణమే, కాకపోతే కాస్త ముందు చేశావు.

కప్పుల్లో ఒక్కటే పగిలింది, అది నీ చిన్నప్పటిది. పిండి డబ్బా వేడినీళ్ళతో మళ్ళీ కడిగాను.

ఇక ఇల్లు నిలబెట్టిన తీరు. ఊరంతా నవ్వుతోంది. ప్రతి ఇంటికీ ముఖం వీధివైపు ఉంటే, నా ఇల్లు వీధికి వీపు పెట్టి, సముద్రం వైపు తలుపు తెరుచుకుని నిలబడింది. పాస్టరు కూడా చెత్తబుట్టల పక్కనుంచి, వంటింటి గుమ్మంలోంచి వస్తున్నాడు. లోర్న్‌ని పట్టుకుని అడిగాను, ఇలా తిప్పి పెట్టారేమని. "హేజెన్ చెప్పాడు. బకెట్టులో తల పెట్టుకుని కూడా అదే చెప్పాడు. తలుపు నీళ్ళవైపే ఉండాలి, మా వంటింట్లోంచి కనపడాలి అన్నాడు" అన్నాడు లోర్న్. లోపలికొచ్చి తలుపు తీసి, నీ కిటికీ ఎక్కడుందా అని చూశాను.

నువ్వు ఏడ్చానని రాశావు. నేను ఇంకా ఎక్కువే ఏడ్చాను, పెద్దదాన్ని కదా. నేను అటు రాలేదని, నువ్వు ఇటు ఉండలేవని ఎన్నాళ్ళు బాధపడతాం. ఐడా పెద్దమ్మ కోసం ఒకసారి, నా కోసం ఒకసారి, పాపం ఇల్లే తిరిగింది. మనలో కదలగలిగింది అదొక్కటే. గాలి కొడుతోందన్నావు, మందపాటి తెర కుడుతున్నాను, లోర్న్‌తో పంపుతాను. తెరని చదవలేడు కదా.

నేను కూడా వీలునామా రాశాను. నువ్వే ఎగ్జిక్యూటర్‌వి. భయపడకు, అన్నీ ఒకే ఒడ్డున ఉన్నాయి.

ఒక ఏర్పాటు చెబుతాను, జాగ్రత్తగా చదువు. రోజూ లేవగానే పచ్చ తలుపు బార్లా తీస్తాను. కాఫీ తాగడం అయ్యేదాకా తీసే ఉంచుతాను, చలికాలమైనా సరే. అది చూసి నీ కాఫీ నువ్వు పోసుకో. పొగమంచు పట్టిన రోజు నీ పాత బూర ఊదు, నేను గరిటెతో పళ్ళెం మీద కొడతాను. నీ గడియారం గంట ముందు నడుస్తుందని గుర్తుంచుకో. తొందరపడి నన్ను కూడా ముందే చంపెయ్యకు. గంట ఆగి చూడు. అప్పటికీ తలుపు మూసే ఉంటే ఉత్తరం రాయకు.

పడవెక్కు.

మీ అక్క,
వెర్నా